హారము వంటి సంఖ్య

12345654321 అను సంఖ్యను ఎటునుండి చదివినను ఒక్కటే. 27994681ని 441చే గుణించినచో ఇది లభించునని 9వ శతాబ్దపు మహావీరాచార్యుని గణితసారసంగ్రహము తెలుపుచున్నది. ఆ సంస్కృత గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

ఇందలి కీలకమేమి? 111111ను 111111చే గుణించి చూడుడు. ఒక్కొక్క వరుసను ఒక స్థానము ఎడమకు జరిపి వ్రాయుదుము గదా! అందుచే నిలువు మొత్తములు 1 నుండి 6 వరకు పెరిగి, మరల 1కి తగ్గును. 21ని 5291చే గుణించిన 111111 వచ్చును. 21 వర్గము 441. 5291 వర్గము 27994681. కనుకనే ఆచార్యుని లెక్క సరిపోవుచున్నది.

తొమ్మిది ఒకట్ల వరకు ఈ సొగసు చెడదు. పది ఒకట్లకు నడుమ మొత్తము 10 అగుటచే, 1 ఎడమకు చేరి, ఫలము 1234567900987654321 అగును. దశాంశ పద్ధతి విధించిన ఈ హద్దును పాఠకులు కాగితముపై స్వయముగా సరిచూచుకొనవచ్చును.