చక్కెర పూలు

పుట్టినరోజు కేకు మీద పువ్వులు ఉండి తీరాలని మల్దకల్ పిల్లలు కూడా పట్టుబట్టే కాలం వచ్చింది. ఉండనిద్దాం. కాని ఆ పువ్వు ఇంటిల్లిపాదీ తినదగినదేనా అన్నది అసలు సంగతి.

కోస్తావారు పంచదార అంటారు. మా గద్వాల సీమలో చక్కెరే. శర్కర నుంచి పుట్టిన మాట అది. ఇంగ్లీషువారి షుగరు కూడా అరబ్బుల నోట తిరిగి వెళ్ళిన ఆ శర్కరే. (తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి ఈ జబ్బు తప్పదు, మన్నించాలి.) చక్కెరతో బొమ్మలు చేయటం మనకు కొత్త కాదు. తడిపిన చెక్క అచ్చులో ముదురు పాకం పోసి, ఆరాక విప్పితే చిలక. పొరుగున ఉత్తర కర్ణాటకలో గౌరీ పున్నమకు చక్కెర బొమ్మలతోనే హారతి ఎత్తుతారు.

అయితే పాకం బిగిస్తే రాయి. పూరేకుకు కావలసింది సాగే గుణం. అందుకే పొయ్యి జోలికి పోకుండా మెత్తటి చక్కెరపిండిలో బంక కలుపుతారు. ఇరాన్ వైపు ముళ్ళపొదల నుంచి వచ్చే ట్రాగకాంత్ అందుకు పేరుపడ్డది. మన నల్లమలలో చెంచులు సేకరించే తపసి బంకకు వర్తకంలో ఇండియన్ ట్రాగకాంత్ అనే పేరుంది. కొందరు బంకకు బదులు జెలటిన్ వేస్తారు. అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసినది. మరికొందరు గుడ్డు తెల్లసొన వాడతారు. చిక్కంతా ఇక్కడే.

మా ఇంట మనుమరాలి ఐదో పుట్టినరోజున అత్తమ్మ కేకును ఎగాదిగా చూసి, “దీంట్ల గుడ్డేమన్న ఏసినవా, బిడ్డా?” అన్నది.

“లేదత్తమ్మా. పువ్వులో ఉన్నది చక్కెర, బంక, నీళ్ళే.”

“బంకనా? బాలింతలకు పెట్టేదే కదా!” అని ఒక రేకు విరిచి నోట వేసుకున్నది. ఆ రేకు తనదేనని మనుమరాలు ఏడుపు లంకించుకున్నది.

పావుకిలో చక్కెర మెత్తగా పట్టి పల్చని బట్టలో జల్లించండి. చెంచాడు బంకపొడి, చెంచాడు గ్లూకోజు పాకం చేర్చి, గోరువెచ్చని నీళ్ళు చెంచా చెంచాగా పోస్తూ ముద్ద చేయండి. గాలి తగలకుండా ఒక రాత్రి మూత పెడితే బంక నీరు పీల్చి ముద్ద సాగుతుంది. చేతికి కాస్త వనస్పతి రాసుకొని, కావలసినంతే తీసుకొని, తక్కినది కప్పి ఉంచండి. పల్చగా ఒత్తి, రేకులు కోసి, అంచులను చెంచా వీపుతో నొక్కితే సహజమైన ముడతలు పడతాయి. చెంచా గుంటలో ఆరబెడితే వంపు నిలుస్తుంది. నీటిచుక్కతో రేకులను అతికించుకోవచ్చు. రంగుకు చిటికెడు పసుపో, నాలుగు చుక్కల బీటురూటు రసమో చాలు. ముగ్గురంగులు, కుంకుమ పనికిరావు.

మా పాలమూరు ఎండల్లో పని చురుగ్గా సాగాలి; ఆలస్యమైతే రేకు ఒత్తుతూండగానే పగులుతుంది. ముసురు పట్టిన రోజున ఆరనే ఆరదు, ఆరినది కూడా చెమ్మ లాగి వాలిపోతుంది.

కొన్న కేకయితే పువ్వు కాడలో ఇనుపతీగ ఉందేమో తడిమి చూడండి. పెరటి గన్నేరుపువ్వు అందంగా ఉందని కేకులో గుచ్చకండి సుమా! ఆ చెట్టులో ప్రతి భాగమూ విషమే. అంగడి గులాబీల మీద పురుగుమందు ఉండవచ్చు.

చేసిన పూలను అట్టపెట్టెలో దాచుకుంటే వారాల తరబడి ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమర్చి కరుగుతాయి. కేకు మీదికి వాటిని చేర్చవలసింది దీపం వెలిగించే ముందే.