నీటినడుమ దేవాలయము

ఇటలీదేశమందలి వెనీసు పట్టణమున కెదుట, నీటినడుమ, సాన్ జార్జియో మజ్జోరే యను చిన్నదీవి గలదు. దానిపై తెల్లని యిస్ట్రియా రాతిముఖముతో నొక క్రైస్తవదేవాలయము వెలయుచున్నది. పల్లాడియో యను శిల్పి దీనిని బెనెడిక్టు మఠవాసులకొఱకు 1566లో నారంభించెను.

క్రైస్తవదేవాలయమున నడిమిశాల యెత్తుగను, ఇరుప్రక్కల శాలలు తక్కువయెత్తుగను ఉండును. ప్రాచీన రోమనుల కోవెల ముఖమో యొకే కప్పు గలది. ఈ రెంటిని పొసఁగించు టెట్లు? పల్లాడియో నాలుగు పెనుస్తంభములతో నెత్తైన ముఖమొకటి నిలిపి, దాని వెనుక వెడల్పై యెత్తు తక్కువైన వేఱొక ముఖమును జేర్చెను. ఒకే గోడపై రెండు కోవెలలు కలిసినట్లు తోఁచును. 1580లో నాతఁడు గతించెను. ముఖభాగము 1610లోఁ గాని ముగియలేదు.

మఠము కథ వేఱు. 1797లో నెపోలియను సేనలు భోజనశాలనుండి, వెరొనేసె చిత్రించిన కానా వివాహపటమును పారిసునకుఁ గొంపోయిరి. 1806లో మఠము మూయఁబడెను. పిమ్మట నూఱేండ్లకుఁ బైగా దీవి సైనికుల పాలై, కట్టడములు చెడెను.

విట్టోరియో చీనీ యను ధనికుఁడు 1943లో జర్మనులకుఁ జిక్కి డాకౌ శిబిరమునకుఁ బోఁగా, కుమారుఁడు జార్జియో యాతని విడిపించెను. ఆ కుమారుఁడే 1949లో విమానప్రమాదమున మరణించెను. తండ్రి దుఃఖమున మునిఁగి కూర్చుండక, 1951లో కుమారుని పేర సంస్థ నెలకొల్పి, ఆ పేరే గల దీవియందలి మఠమును బాగుచేయించి విద్యకు నెలవు గావించెను. 2007లో భోజనశాలయందు పటముయొక్క ప్రతికృతి నిలిచెను.

కడుపుకోత యెట్టిదో తల్లులకు వేఱుగఁ జెప్పనేల? పోయిన బిడ్డను తేలేము; ఆ బిడ్డ పేర పాడువడినదాని నొకదానిని నిలుపవచ్చును.