బస్తాలో మొక్క తిన్నదెంత? నేల మింగినదెంత?

జఫర్‌గఢ్ కోట చుట్టుపట్ల చెలక భూములు ఎక్కువ. అక్కడక్కడ రేగడి తునకలు, చెరువుల క్రింద వరి మళ్ళు ఉన్నవి. ఒక వానాకాలము మొదట్లో అచ్చటి రైతుల సమావేశములో నేను ఎరువులను గురించి మాట్లాడుచుంటిని. డి.ఎ.పి. బస్తాలో నత్రజని ఎంత, భాస్వరము ఎంత అని వివరించి, వేసిన ఎరువే పైరుకు ఆహారమని ముగించితిని. అప్పుడు వెనుక వరుస నుండి ఒక వృద్ధ రైతు లేచెను.

“సారూ, ఏటేటా అప్పు తెచ్చి బస్తాలు పోస్తున్న. అండ్ల మొక్క తిన్నదెంత, భూమి మింగిందెంత? గది చెప్పు.”

“పైరు కోసమే గదా పెద్దయ్యా వేసేది, పైరే తింటది” అని దాటవేయబోతిని. ఆయన జేబులో నుండి భూసార పరీక్ష పత్రము తీసి నా చేతికిచ్చెను. అందు భాస్వరము ‘ఎక్కువ’ అని వ్రాసియున్నది.

“పైరే తింటే ఇది ఎట్ల మిగిలింది? సరే, మిగిలిందే అనుకో. మరి పోయిన యాసంగిల మక్క ఆకులు ఊదారంగుకు ఎందుకు తిరిగినయి?”

ఊదారంగు ఆకులు భాస్వరపు కొరతకు గుర్తు. పత్రము ఎక్కువ ఉన్నదనుచున్నది. పైరు ఆకలి అనుచున్నది. రెండును నిజమే. ఈ చిక్కు విప్పుటకు ఆనాడు నాకు మాట దొరకలేదు. తరువాత పుస్తకములు తిరగవేసి ఆయనకు చెప్పిన సమాధానమే ఈ వ్యాసము. ఈ ప్రశ్న ఒక్కరిది కాదు గనుక ఇచ్చట వ్రాయుచున్నాను.

గుర్తు పెట్టిన గొర్రెలు

మన గొల్ల కురుమలు మందలు కలిసిపోయినపుడు తమ జీవములను గుర్తించుటకు వాటి వీపున రంగు వేయుదురు. రంగు వేసినంత మాత్రమున గొర్రె నడక మారదు, మేత మారదు. ఎక్కడికి పోయినను గుర్తు మాత్రము కనపడును.

శాస్త్రజ్ఞులు భాస్వరమునకు కూడ ఇట్టి రంగు వేయగలిగిరి. ప్రకృతిలోని భాస్వరపు పరమాణువు బరువు 31. రియాక్టరులో తయారు చేయు మరియొక రకపు భాస్వరము బరువు 32. మొక్క వేరు ఈ రెండింటిని వేరు చేసి చూడలేదు; రెండింటిని ఒకే విధముగా పీల్చుకొనును. కాని 32 బరువు గల భాస్వరము నుండి ఎడతెగక కిరణములు వెలువడును. గైగర్ యంత్రము ఆ కిరణములను ఒక్కొక్కటిగ లెక్కించును. దీనినే రేడియో భాస్వరము అందురు. ఇట్టి పదార్థములను గూర్చిన విద్య రేడియో రసాయన శాస్త్రము.

ఈ మార్గమును మొదట చూపినవారు హంగేరీ దేశస్థుడు జార్జ్ హెవెసీ. ఆయన 1923లో రేడియో ధార్మిక సీసమును చిక్కుడు జాతి మొక్కల వేళ్ళకు అందించి, అది మొక్కలో ఎచ్చటికి ఎంత పోయెనో కొలిచిరి. ఇందుకు సంబంధించిన కృషికి 1943 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు లభించెను. హెవెసీ యువకుడుగా ఇంగ్లండులో ఒక భోజన గృహములో ఉన్నపుడు, మిగిలిన కూరనే మరల వడ్డించుచున్నారని అనుమానించి, తన పళ్ళెములోని కూరలో కొంచెము రేడియో ధార్మిక పదార్థము కలిపెనని, కొద్ది రోజులకే అది మరల తన పళ్ళెమునకు వచ్చెనని ఒక కథ చెప్పుదురు. మన వృద్ధ రైతు ప్రశ్నయు ఇట్టిదే: వడ్డించినది ఎచ్చటికి పోయినది?

మన దేశమున మొదటి రియాక్టరు ‘అప్సర’ 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పని ప్రారంభించెను. అటు తరువాత రేడియో ఐసోటోపులు మన దేశములోనే తయారు కాజొచ్చినవి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో 1969లో ఇందుకు ప్రత్యేక ప్రయోగశాల ఏర్పడినది.

లెక్క ఎట్లు కట్టుదురు?

రేడియో భాస్వరము కలిపి చేసిన సూపర్ ఫాస్ఫేటును కుండీలోని మట్టిలో వేసి మొక్క పెంచుదురు. ఎరువులోని ఒక మిల్లీగ్రాము భాస్వరము యంత్రముపై నిమిషమునకు 1000 సార్లు పలికినదనుకొనుడు. పెరిగిన మొక్కను ఎండబెట్టి పరీక్షింపగా, అందులోని మిల్లీగ్రాము భాస్వరము 200 సార్లే పలికినది. అనగా మొక్కలోని భాస్వరములో ఐదింట ఒక వంతు మాత్రమే ఎరువు నుండి వచ్చినది. మిగిలిన నాలుగు వంతులు అంతకు ముందే నేలలో ఉన్న పాత భాస్వరము. కొలిచే దినము నాటికి కిరణముల బలము కొంత తగ్గియుండును గనుక ఆ తగ్గుదలను కూడ లెక్కలో సవరించుకొందురు.

ఇదే లెక్కను ఎకరమునకు పట్టింపుము. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరము ఉండును. పైరు మొత్తము 20 కిలోల భాస్వరము తీసికొన్నదనుకొన్నచో, అందు ఐదవ వంతు, అనగా 4 కిలోలు, బస్తా నుండి వచ్చినది. మిగిలిన 19 కిలోలు నేలలో నిలిచిపోయినవి. ఇది ఉదాహరణకు చెప్పిన లెక్క. అయినను భాస్వరపు ఎరువులో మొదటి పంట నూటికి 15 నుండి 20 వంతుల వరకే వాడుకొనుట సాధారణము.

వృద్ధ రైతు ప్రశ్నలో మొదటి సగమునకు ఇదే సమాధానము. ఇక రెండవ సగము: మిగిలినది నేల ఎట్లు మింగినది?

ఆరు గ్రాముల మట్టిలో ఎకరము

మట్టి పైకి ముద్దగా కనపడినను, లోపల అతి సన్నని బంక రేణువుల రాశి. ఒక్కొక్క రేణువునకు ముఖములు ఉన్నవి. రేగడి నేలల్లోని ఒక రకపు బంకమన్ను ఒక గ్రాము తీసికొని దాని రేణువుల ముఖములన్నియు పరచినచో 700 చదరపు మీటర్లకు మించవచ్చును. ఎకరమనగా 4047 చదరపు మీటర్లు. కావున సుమారు ఆరు గ్రాముల బంకమన్నులో ఒక ఎకరపు ముఖతలము దాగియున్నది!

ఈ ముఖములే నేలకు కొట్టుగది. ఇంగ్లండులో థామస్ వే అను రసాయనవేత్త మట్టి గుండా ఎరువు నీటిని పారించి, మట్టి అమ్మోనియాను పట్టి ఉంచుకొనుచున్నదని 1850లో ప్రకటించిరి. వస్తువుల ముఖములపై జరుగు ఇట్టి వ్యవహారములను తెలుపునది ఉపరితల రసాయన శాస్త్రము.

మన ఎర్ర చెలకలలో ఎరుపునకు కారణము ఇనుప తుప్పు. ఈ ఇనుము, అల్యూమినియము పొరలు భాస్వరమును గట్టిగా పట్టుకొనును. రేగడిలో సున్నము ఆ పని చేయును. నత్రజని యూరియాగా వేసిన తరువాత నీటితో కదలిపోవును. భాస్వరము అట్లు కాదు. పడిన చోటు నుండి ఒక పంట కాలములో కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే జరుగును. రేడియో భాస్వరము వేసిన మట్టిని ఫోటో ఫిల్ముపై ఆనించినపుడు, వేరు ప్రక్కన సన్నని పట్టీలో మాత్రమే భాస్వరము తరిగిపోయి, ఆవల మేర అంతయు అట్లే నిలిచియుండుట కనపడినది.

అయినను నేల పట్టిన భాస్వరమంతయు పోయినట్లు కాదు. 100 రంగు గొర్రెలను ఒక పెద్ద మందలోనికి తోలి, బాగుగా కలిసిన తరువాత 50 జీవములను పట్టి చూడగా 5 రంగువి దొరికినచో, మంద మొత్తము 1000 అని లెక్క కట్టవచ్చును. అట్లే మట్టి కలిపిన నీటిలో కొద్దిపాటి రేడియో భాస్వరము వేసి కలియబెట్టిన, గుర్తు గలది కొంత రేణువుల ముఖములపైకి పోయి, గుర్తు లేనిది నీటిలోనికి దిగివచ్చును. నీటిలో గుర్తు ఎంత పలుచబడినదో చూచి, ముఖములపై కదలగల భాస్వరము ఎంత ఉన్నదో తేల్చుదురు. ఆ విధముగా తేలినదేమనగా, నేల కొంత భాస్వరమును గట్టిగా బిగించినను, కొంత మెల్లమెల్లగా తిరిగి ఇచ్చుచుండును.

ఇప్పుడు ఊదారంగు ఆకుల చిక్కు విడిపోవును. నేలలో భాస్వరము ఉన్నది. కాని యాసంగి చలికి లేత మక్క వేరు త్వరగా సాగదు, భాస్వరము తానుగా వేరు వద్దకు నడిచి రాదు. ఇంట ధాన్యము ఉన్నను పసిబిడ్డ చేయి అందనట్లు ఆయెను.

రైతు చేయవలసినది

1. భూసార పరీక్ష చేయింపక భాస్వరము వేయరాదు. పత్రములో ‘తక్కువ’ అని ఉన్నచో సాధారణ సిఫారసు కంటె నూటికి 25–30 వంతులు ఎక్కువ, ‘ఎక్కువ’ అని ఉన్నచో అంతే తక్కువ వేయవలెను.

2. భాస్వరము మొత్తమును దుక్కిలో లేక విత్తునపుడే వేయవలెను. పైపాటుగా డి.ఎ.పి. చల్లుట వలన ఎరువు పై మట్టిలోనే నిలిచిపోవును. ఆరుతడి పైరులకు చేనంతట వెదజల్లుట కంటె, విత్తనపు సాలు ప్రక్కన 5 సెంటీమీటర్ల దూరములో, కొంచెము లోతుగా పడునట్లు వేయుట మేలు. లేత వేరు అందుకొనును. ఎరువు మట్టిని తాకు ముఖము కూడ తగ్గును.

3. పశువుల ఎరువు బాగుగా వాడవలెను. అది చివుకునపుడు పుట్టు ఆమ్లములు రేణువుల ముఖములపై చోటు ఆక్రమించి భాస్వరమును విడిపించును. భాస్వరమును కరిగించు బాక్టీరియా పొడి ఎకరమునకు 2 కిలోలు, 200 కిలోల పశువుల ఎరువులో కలిపి వేయవచ్చును.

4. వరి మడిలో నీరు నిలిచినపుడు ఇనుము రూపు మారి, పట్టిన భాస్వరమును విడుచును. చలి కాలములో ఈ విడుదల తక్కువ. కావున రెండు పంటలు వరి వేయువారు, భాస్వరము తగ్గించదలచినచో వానాకాలములో తగ్గించి, యాసంగికి ప్రాధాన్యమీయవలెను.

5. అధిక భాస్వరము జింకును పైరుకు అందనీయదు. వరిలో ఆకులపై తుప్పు మచ్చలు కనపడి పైరు గిడసబారినచో జింకు లోపమును అనుమానింపవలెను. ఆఖరు దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. భాస్వరపు ఎరువుతో కలుపరాదు. నిలిచిన పైరుపై లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారి చేయవచ్చును.

6. చెలకలలో కందిని మరువరాదు. 1972లో పటాన్‌చెరువులో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థలోని శాస్త్రజ్ఞులు, కంది వేరు ఇనుమును పట్టు ఒక ఆమ్లమును స్రవించి, దానిచే బిగింపబడిన భాస్వరమును విడిపించుకొనునని 1990లో ప్రకటించిరి. ఎర్రనేలలో ఇతర పైరులు అందుకోలేని భాస్వరమును కంది అందుకొనును.

ఒక అపోహ

రేడియో అన్న మాట వినగానే భయపడనక్కర లేదు. రైతు కొను బస్తాలో ఈ గుర్తు భాస్వరము కలుపరు. అది అనుమతి పొందిన ప్రయోగశాలల్లో, శిక్షణ గలవారి చేతిలో మాత్రమే ఉండును. దాని బలము 14.3 రోజులకు సగమగును. 143 రోజులు గడచిన వెయ్యింట ఒక వంతు కూడ మిగులదు.

తరువాతి సారి జఫర్‌గఢ్ పోయినపుడు ఆ వృద్ధ రైతును వెదకి, రంగు గొర్రెల లెక్క చెప్పితిని. ఆయన వేళ్ళపై లెక్కించుకొని, కొంతసేపు మాటలాడలేదు.

“అంటే అయిదు రూపాయలు పెడితే నాలుగు రూపాయలు భూమి దగ్గర దాచిపెట్టినట్టన్నట్టు.”

“దాచినట్టే పెద్దయ్యా. కొంత మిత్తి లేకుండనైనా తిరిగి ఇస్తది. కొంత మొండి బాకీ.”

“మరి భూమి దగ్గర నాకు పైసలున్నప్పుడు, షావుకారు దగ్గర అప్పు ఎందుకు తెస్తున్న?”

ఆ వానాకాలములో ఆయన ఒక మడిలో ఎప్పటివలె, ప్రక్క మడిలో పరీక్ష పత్రము ప్రకారము తగ్గించి వేసెను. కోతల నాటికి రెండు మళ్ళ మధ్య కంటికి తేడా కనపడలేదు. ఒక్క పంటతో తీర్పు చెప్పరాదని నేనే ఆయనకు చెప్పితిని. మరుసటి ఏడు కూడ అట్లే చేసి చూతునని ఆయన అనెను. ప్రతి గ్రామములో ఒక రైతయినను ఇట్లు రెండు మళ్ళు పెట్టి చూచినచో, తన నేలలో నిలిచిన భాస్వరము ఎంతకు అక్కరకు వచ్చునో తన కంటితోనే తెలిసికొనగలడు. అందుకు కావలసినది ఒక పరీక్ష పత్రము, ఒక తూకము, రెండు మళ్ళ మధ్య చెరగని గట్టు.