సీఏ చదువుకు సాయం: ఎప్పుడు, ఎలా?

మన సంఘం వంటి ఏ ధార్మిక సంస్థ జమాఖర్చుల పట్టిక చూసినా, కింద ఆడిటరుగారి సంతకం, సభ్యత్వ సంఖ్య కనిపిస్తాయి. దాతలిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క ఉందని పదిమందికీ భరోసా ఇచ్చేది ఆ సంతకమే. అది పెట్టే అర్హత మన పిల్లలకు ఎలా వస్తుందో, ఆ దారిలో వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో దాతలకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

1949 నాటి చట్టం కింద ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా మన దేశంలో సీఏలను తయారుచేస్తుంది. ఈ చదువుకు సీట్ల పరిమితి లేదు, డొనేషన్ లేదు, మేనేజ్‌మెంట్ కోటా లేదు. అందువల్ల పేదింటి బిడ్డకు ఇది నిజంగా తెరిచి ఉన్న తలుపు. 2023 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త విధానంలో మూడు మెట్లున్నాయి.

మొదటిది ఫౌండేషన్. పదో తరగతి పాసైనవారు పేరు నమోదు చేసుకోవచ్చు; పరీక్ష మాత్రం ఇంటర్ అయ్యాకే. సీఈసీ, ఎంఈసీ వాళ్లే కాదు, ఎంపీసీ, బైపీసీ చదివినవారూ అర్హులే. అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, గణిత సామర్థ్యం, ఆర్థికశాస్త్రం అని నాలుగు పేపర్లు. ఒక్కోదానిలో కనీసం 40, మొత్తం మీద 50 శాతం మార్కులు రావాలి. పరీక్షకు నాలుగు నెలల ముందే రిజిస్టర్ చేసుకోవాలి.

రెండోది ఇంటర్మీడియట్. పేరు ఒకటే గాని మన జూనియర్ కాలేజీ ఇంటర్‌కూ దీనికీ సంబంధం లేదు. రెండు గ్రూపులు, ఆరు పేపర్లు. కనీసం ఎనిమిది నెలలు చదవాలి. బీకాం వంటి కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం వచ్చినవారు ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇందులో చేరవచ్చు. డిగ్రీ అయిపోయింది, ఇక ఆలస్యమైందని అనుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలి.

రెండు గ్రూపులూ పాసయ్యాక ఒక సీఏ దగ్గర రెండేళ్లు ఆర్టికల్‌షిప్ చేయాలి. ఇంతకుముందు అది మూడేళ్లు. అది ముగిసిన ఆరు నెలలకు ఫైనల్, మళ్లీ ఆరు పేపర్లు. అన్నీ మొదటిసారే పాసైనా మూడున్నరేళ్లు పడుతుంది. చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

మరి మన పిల్లలు ఆగేదెక్కడ?

మొదటి అడ్డంకి భాష. పరీక్ష ఇంగ్లీషులో గాని హిందీలో గాని రాయాలి. తెలుగు, ఉర్దూ మాధ్యమాల్లో చదివిన పిల్లలకు లెక్క వస్తుంది, ప్రశ్న అర్థం కాదు. ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెబుతోంది. కానీ ఇంట్లో ఒకే ఫోను, అదీ నాన్న చేతిలో ఉంటే ఆ ఉచితం ఎవరికి ఉపయోగం?

రెండోది ఆర్టికల్‌షిప్. ఊరి జనాభాను బట్టి ఇన్‌స్టిట్యూట్ నిర్ణయించిన కనీస స్టైపెండు ఇస్తారు. దానితో హైదరాబాదులోనో విజయవాడలోనో గది అద్దె, భోజనం, బస్సు ఛార్జీలు వెళ్లవు. ఈడొచ్చిన కొడుకు సంపాదన కోసం ఇల్లు ఎదురుచూసే వయసది. ఆడపిల్లకైతే హాస్టల్ దొరక్కపోతే చదువు అక్కడితో సరి.

మూడోది ఫెయిలవడం. సీఏలో ఒకటి రెండుసార్లు తప్పడం మామూలే. ఒక పేపర్లో 60 మార్కులు దాటితే, గ్రూపు పోయినా తర్వాతి మూడు పరీక్షల దాకా ఆ పేపరు మళ్లీ రాయనక్కరలేదు. అంటే కష్టం వృథా పోదు. అయినా ఫెయిలయ్యాడని తెలియగానే సాయం ఆగిపోతుంది. ఆ పిల్లవాడు ఏదో దుకాణంలో లెక్కలు రాయడానికి కుదురుకుంటాడు.

ఇంజనీరింగ్ విద్యార్థికి కాలేజీ ఉంది, ఫీజు రసీదు ఉంది. మనం చెక్కు రాసి ఇస్తే పని అయిపోతుంది. సీఏ విద్యార్థికి కాలేజీ లేదు. అతని ఖర్చు ఒక్క రసీదులో ఇమడదు, నెలనెలా ఉంటుంది. మన విరాళాలు ఎక్కువగా రంజాన్‌లో వస్తాయి. పరీక్షలేమో జనవరిలో, మేలో, సెప్టెంబరులో.

కాబట్టి నా మనవి ఒక్కటే. పదిమందికి ఒకసారి ఫీజు కట్టడం కంటే, ఇద్దరిని ఎంచుకుని ఐదేళ్లు నిలబెట్టండి. నెలకు ఇంత అని ఆర్టికల్‌షిప్ రెండేళ్లూ ఇవ్వండి. తప్పిన పరీక్షకు మరోసారి ఫీజు కట్టండి. మీలో ఆడిటర్లు ఉంటే ఒక పిల్లనో పిల్లవాడినో ఆర్టికల్‌గా తీసుకోండి. చదువు పూర్తిచేసిన ఆ ఇద్దరూ రేపు తమ ఆఫీసుల్లో మరో నలుగురికి చోటు ఇవ్వగలరు.