పదిమంది కూడిన చోట: మన దేశపు సినగాగులలో సమాజ జీవనం

సినగాగు యూదుల ప్రార్థనా మందిరం. గ్రీకు భాషనుండి వచ్చిన ఈ మాటకు 'కూడిక' అని అర్థం. హీబ్రూ భాషలో దీనిని 'బేత్ క్నెసెత్' అంటారు, అనగా సభాగృహం. రెండు పేర్లలోనూ దేవుని ప్రస్తావన లేదు, మనుషుల కూడిక మాత్రమే ఉన్నది. మన దేశంలోని సినగాగుల నేటి స్థితిని అర్థం చేసుకోవడానికి ఈ చిన్న విషయం ఎంతగానో తోడ్పడుతుంది.

సినగాగు ప్రకటన ఫలకంపైన గాని, సభ్యుల ఇళ్లకు అందే సమాచార పత్రంలో గాని సాధారణంగా కనిపించే సంగతులు ఇవి: శుక్రవారం సాయంకాలం ఇంట దీపం వెలిగించవలసిన వేళ, శనివారం ఉదయం చదవవలసిన తోరా భాగం, రాబోయే పండుగ తేదీ, ఎవరి తల్లి లేక తండ్రి వర్ధంతి ఏనాడు పడుతున్నదో ఆ వివరం, వివాహ నిశ్చయాలు, పిల్లల హీబ్రూ తరగతి, పూరీమ్ పండుగకు వేయబోయే నాటకం, వృద్ధులకు, నిరుపేదలకు ఇవ్వదలచిన సహాయం. బయటివారికి ఇవి ఊరి కబుర్లుగా తోచవచ్చు. కాని ఆ సంగతులన్నిటి వెనుకా చెప్పకుండానే నిలిచి ఉండే ప్రశ్న ఒకటి ఉన్నది. ఆనాటికి పదిమంది వస్తారా?

యూద ధర్మశాస్త్రం ప్రకారం సామూహిక ప్రార్థన జరగాలంటే కనీసం పదిమంది ఉండాలి. ఈ సంఖ్యాబలాన్ని 'మిన్యాన్' అంటారు. సంప్రదాయ పద్ధతిలో పదమూడు సంవత్సరాలు నిండిన పురుషులనే ఇందులో లెక్కిస్తారు. తొమ్మిదిమంది మహాపండితులు ఉన్నా మిన్యాన్ కాదు. పదిమంది సామాన్యులు ఉంటే చాలును. మిన్యాన్ లేనినాడు ఎవరి ప్రార్థన వారు చేసుకోవచ్చును. కాని తోలుపత్రంపై చేతితో వ్రాసిన తోరా గ్రంథపు చుట్టను పేటిక నుండి బయటికి తీసి సభలో చదవడానికి వీలులేదు. మృతుల స్మృత్యర్థం కుమారుడు పఠించే 'కద్దీష్' అనే స్తుతిని చెప్పడానికీ వీలులేదు. తండ్రి వర్ధంతి వచ్చిన కుమారుడు మరి తొమ్మిదిమందిని వెదుక్కొనవలసిందే. ఆ మరి తొమ్మిదిమందికి అతడు మరొకనాడు అక్కరకు వస్తాడు. సినగాగు వార్తలలో వర్ధంతుల పట్టికకు అంత ప్రాముఖ్యం ఉండటానికి ఇదే కారణం.

పంచాంగపు లెక్కలు

యూదులకు దినం సూర్యాస్తమయంతో ఆరంభమవుతుంది. కనుక శనివారపు విశ్రాంతి దినమైన 'షబ్బాత్' శుక్రవారం సాయంకాలమే ప్రవేశిస్తుంది. సూర్యాస్తమయానికి సుమారు 18 నిమిషాల ముందు గృహిణి దీపం వెలిగిస్తుంది. ఆ తరువాత నిప్పు ముట్టించరాదు కనుక ప్రతి వారం ఆ వేళను ముందుగా ప్రకటించవలసి వస్తుంది. ముంబయిలోనే జూన్ నెలకు, డిసెంబరు నెలకు మధ్య సూర్యాస్తమయంలో గంటకు పైగా తేడా ఉంటుంది. ఒకే గడియారపు కాలాన్ని పాటించే ముంబయి, కొల్‌కతాల మధ్య సుమారు గంట వ్యత్యాసం ఉన్నది. అందుచేత ఒక ఊరి ప్రకటన మరొక ఊరికి పనికిరాదు.

పండుగల తేదీల విషయం తెలుగువారికి సులభంగానే బోధపడుతుంది. యూదుల నెలలు కూడ చాంద్రమాసాలే. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సూర్యుని సంవత్సరం కంటె సుమారు 11 రోజులు తక్కువ వస్తుంది. ఈ లోటును పూడ్చడానికి మన పంచాంగంలో అధికమాసం ఉన్నట్లే వారి పంచాంగంలోనూ అధికమాసం ఉన్నది. రెండింటిలోనూ దాదాపు 19 సంవత్సరాలకు ఏడు అధికమాసాలు వస్తాయి. అయితే మన అధికమాసం సూర్య సంక్రమణాన్ని బట్టి వేర్వేరు నెలలకు రావచ్చును. వారిది ఎప్పుడూ అదార్ నెలకే, అదీ ముందుగా స్థిరపరచిన క్రమంలోనే వస్తుంది. ఈ పోలిక వలన ఒక చక్కని ఫలితం కలుగుతున్నది. యూదుల నూతన సంవత్సరమైన రోష్ హషానా అమావాస్య దాటిన వెంటనే వస్తుంది. 2024లో అది అక్టోబరు 3న పడింది. మన దేవీ నవరాత్రులు ఆరంభమైనదీ ఆనాడే. కాని అంతకు ముందటి సంవత్సరం, 2023లో, రోష్ హషానా సెప్టెంబరు 16న, నవరాత్రుల ఆరంభం అక్టోబరు 15న వచ్చాయి. ఆ సంవత్సరం మనకు అధిక శ్రావణం వచ్చింది. యూదుల అధిక అదార్ 2024 ఫిబ్రవరిలో గాని రాలేదు. ఐగుప్తు దాస్యవిముక్తిని స్మరించే పెసహ్ పండుగ ఎప్పుడూ పున్నమినాడే. 2024లోను, 2025లోను అది చైత్ర పౌర్ణమితో కలిసి వచ్చింది.

నేల అబ్బిన ఆచారాలు

యూదులు మన దేశానికి ఒకే కాలంలో, ఒకే త్రోవన వచ్చినవారు కారు. కేరళతీరంలోని కొచ్చిన్ యూదులు, కొంకణతీరంలో స్థిరపడి మరాఠీ మాతృభాషగా చేసుకొన్న బెనె ఇస్రాయేలీలు, 18వ శతాబ్దం తరువాత బాగ్దాదు మొదలైన పశ్చిమాసియా నగరాలనుండి ముంబయి, కొల్‌కతాలకు వర్తకానికి వచ్చిన బాగ్దాదీలు ముఖ్యమైన మూడు శాఖలు. కొంకణంలో బెనె ఇస్రాయేలీలు గానుగ ఆడించి జీవించేవారు. శనివారం గానుగ ఆపివేసేవారు గనుక ఇరుగుపొరుగువారు వారిని 'శనివార్ తేలీ' అని పిలిచారు. తేలీ అనగా నూనె తీసేవాడు. గ్రంథాలు మరుగున పడిన శతాబ్దాలలో కూడ వారి మతాన్ని వారికి గుర్తుచేస్తూ వచ్చిన పేరు పొరుగువారు పెట్టినదే కావడం విశేషం.

ముంబయిలో వారి తొలి సినగాగును 1796లో సామ్యూల్ ఏజెకియల్ దివేకర్ నిర్మించాడు. స్థానికులు దానిని మసీదు అనే పిలిచేవారని, సమీపంలోని మస్జిద్ రైల్వే స్టేషనుకు ఆ పేరు దానినుండే వచ్చిందని చెబుతారు. బెనె ఇస్రాయేలీల ఇళ్లలో 'మలీదా' అనే వేడుక జరుగుతుంది. తడిపిన అటుకులలో తీపి, కొబ్బరికోరు, ఏలకులు కలిపి, పండ్లతో సహా పళ్లెంలో అమర్చి ఏలీయా ప్రవక్త పేర దైవస్తుతి చేస్తారు. పెండ్లికి ముందు, కోరిక తీరినప్పుడు, కొత్త ఇంట ప్రవేశించినప్పుడు దీనిని జరుపుతారు. మరే దేశపు యూదులకూ ఈ ఆచారం లేదు. షబ్బాత్ నాటి ద్రాక్షారసానికి బదులు ఎండుద్రాక్షను నానబెట్టి తీసిన షర్బత్తు వాడటం కూడ మన దేశంలో వాడుకగా వచ్చింది.

కొచ్చిన్‌లోని మట్టాంచేరి పరదేశీ సినగాగు 1568 నాటిది. కొచ్చిన్ రాజు ఇచ్చిన స్థలంలో, రాజభవనాన్ని ఆనుకొని దానిని నిర్మించారు. 1662లో పోర్చుగీసువారి చేతిలో దెబ్బతిని, డచ్చివారి రాకతో తిరిగి నిలబడింది. లోపల పరచిన నీలితెలుపు చైనా పలకలను 18వ శతాబ్దంలో తెప్పించారు. యాత్రికులు ఎక్కువగా ఈ పలకలనే చూచి వెళతారు. నిజానికి చూడదగిన విశేషాలు వేరే ఉన్నాయి. గుడిలోవలె ఇక్కడ పాదరక్షలు విడిచి లోపలికి వెళ్లాలి. తోరా చదివే వేదిక మధ్య భాగంలో ఒకటి ఉండగా, పై అంతస్తులో మరొకటి ఉన్నది. కేరళ సినగాగుల ప్రత్యేకత ఇది. సిమ్హత్ తోరా పండుగనాడు పట్టువస్త్రాలతో, మల్లెదండలతో మందిరాన్ని అలంకరించి, తోరా చుట్టలను చేతపట్టి ఆవరణలో ప్రదక్షిణ చేసేవారు. బయట కొబ్బరినూనె దీపాలు వరుసలుగా వెలిగేవి. స్త్రీలు మలయాళ భాషలో తమ పాటలు పాడేవారు. ఆ పాటల వ్రాతపుస్తకాలు తల్లినుండి కుమార్తెకు సంక్రమించేవి.

ఇంత అందమైన సమాజంలోనూ అన్యాయం లేకపోలేదు. విముక్తులైన దాసుల సంతతి అని పేరుపడిన కుటుంబాలవారిని పరదేశీ సినగాగులో ఇతరులతో సమానంగా కూర్చోనిచ్చేవారు కారు. తోరా చదవనిచ్చేవారు కారు. ఆ వర్గంలో పుట్టి న్యాయవాది అయిన అబ్రహాం బరాక్ సేలం (1882-1967) గాంధీజీ మార్గాన్ని అనుసరించి సినగాగులోనే సత్యాగ్రహం చేశాడు. ఆయన జీవితకాలంలోనే ఆ కట్టుబాట్లు చాలవరకు తొలగిపోయాయి. ప్రజలు ఆయనను 'యూద గాంధీ' అని పిలుచుకున్నారు. నేడు సినగాగు ఉన్న వీథికి ఆయన పేరే ఉన్నది. పదిమంది కూడితే చాలునన్న ధర్మం ముందు ఆ పదిమందిలో హెచ్చుతగ్గులు ఉండరాదన్నది ఆయన వాదం.

తరిగిన సంఖ్య

1951 జనాభా లెక్కల నాటికి మన దేశంలో యూదులు సుమారు 26 వేలమంది. 2011 నాటికి 4,650 మంది. వారిని ఇక్కడనుండి ఎవరూ తరిమివేయలేదు. 1948లో ఇస్రాయేలు రాజ్యం ఏర్పడిన తరువాత మతవిశ్వాసం కొందరిని, జీవనోపాధి కొందరిని, ముందే వెళ్లిన బంధువుల పిలుపు మరికొందరిని అక్కడికి తీసుకొని వెళ్లాయి. కేరళ గ్రామాల యూదులలో అత్యధికులు 1950లలోనే తరలిపోయారు. సగంమంది వెళ్లిపోయిన ఊరిలో మిగిలిన సగానికి నిలబడటం కష్టమయింది. మిన్యాన్ లేదు, వివాహానికి సంబంధం లేదు. ఒక్కొక్క కుటుంబం వెళ్లినకొద్దీ తక్కినవారు వెళ్లవలసిన కారణం పెరుగుతూ వచ్చింది.

1968లో పరదేశీ సినగాగు నాలుగువందల సంవత్సరాల ఉత్సవానికి ప్రధాని ఇందిరాగాంధీ హాజరయ్యారు. ఆ సందర్భంలో తపాలాశాఖ ప్రత్యేకమైన బిళ్ల విడుదల చేసింది. ఇప్పుడు అక్కడి పరదేశీ కుటుంబాలవారు వేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే. యాత్రికులుగా వచ్చిన యూదులు తోడైననాడు మిన్యాన్ పూర్తవుతుంది. ఎర్నాకుళంలోని కడవుంభాగం సినగాగు ముందుభాగంలో చాలకాలం పూలమొక్కలు, రంగుచేపలు అమ్మే దుకాణం నడిచింది. ఆ దుకాణం నడిపిన యూదుడే మందిరాన్ని సంరక్షిస్తూ వచ్చాడు. ఇటీవలి సంవత్సరాలలో ఆ మందిరం పునరుద్ధరణకు నోచుకొన్నది. పరవూరు, చేందమంగళం సినగాగులు ప్రదర్శనశాలలుగా మారాయి. మట్టాంచేరిలోని మరొక కడవుంభాగం సినగాగు లోపలి కొయ్యపని జెరూసలేములోని ఇస్రాయేల్ మ్యూజియంలో ఉన్నది. కట్టడం దక్కింది గదా అని సంతోషించవచ్చును. అయితే ప్రదర్శనశాలకు మిన్యాన్ అవసరం ఉండదు.

కొల్‌కతా స్థితి మరొక రకం. అక్కడ 1856 నాటి బేత్ ఎల్, 1884 నాటి మాగెన్ డేవిడ్ సినగాగులు చక్కగా మరమ్మతు పొంది నిలిచి ఉన్నాయి; యూదులు మాత్రం చాల కొద్దిమంది. ఆ మందిరాలను తుడిచి, దీపాలు శుభ్రపరచి, తలుపులు తెరిచేవారు ముస్లిములు. వారిలో కొందరు ఒడిశానుండి తరతరాలుగా ఈ పనికి వస్తున్నవారు. 1881లో స్థాపించిన యూద బాలికల పాఠశాలలో చదివేవారిలోనూ అత్యధికులు ముస్లిం బాలికలే.

ప్రకటన ఫలకం నిజంగా నిండుగా కనిపించేది ముంబయి, థానేలలో. 1879 నాటి థానే సినగాగు పరిసరాలలో బెనె ఇస్రాయేలీ కుటుంబాలు నేటికీ గణనీయంగా ఉన్నాయి. ముంబయి కోట ప్రాంతంలోని 1884 నాటి కెనెసెత్ ఎలియాహు సినగాగు మరమ్మతుల అనంతరం 2019లో తిరిగి తెరుచుకున్నది. 2008 నవంబరులో ముంబయిపై ఉగ్రవాదులు దాడిచేసి నారిమన్ హౌస్‌లోని యూద అతిథిగృహంలో ఆరుగురిని చంపిన తరువాత సినగాగుల వద్ద పోలీసు కాపలా పెరిగింది. మతం పేరిట దాడి ఎరుగని సమాజానికి ఆ కాపలాయే ఒక కొత్త అనుభవం. 2016లో మహారాష్ట్ర, 2018లో గుజరాత్ ప్రభుత్వాలు యూదులకు అల్పసంఖ్యాక వర్గ ప్రతిపత్తిని కల్పించాయి. ఢిల్లీలో 1956లో నిర్మించిన జూదా హయామ్ మందిరంలో మిన్యాన్‌కు స్త్రీలను కూడ లెక్కిస్తారు. సంప్రదాయవాదులు దీనిని అంగీకరింపకపోవచ్చును గాని, రాజధానిలో శుక్రవారపు ప్రార్థన కొనసాగడానికి అది దోహదం చేస్తున్నది.

మిగిలిన సంఘాలు పదిమందికోసం ఎదురుచూస్తుండగా గుంటూరు జిల్లాలో ఇందుకు భిన్నమైన దృశ్యం కనిపిస్తుంది. చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే కొన్ని కుటుంబాలు తాము ఎఫ్రాయీము గోత్రపు సంతతి అని విశ్వసించి, 1980 దశకం నుండి యూద ధర్మాన్ని బహిరంగంగా పాటిస్తున్నాయి. వారిని బెనె ఎఫ్రాయిమ్ అంటారు. వీరు మాదిగ సామాజిక వర్గానికి చెందినవారు. అంతకు పూర్వం బాప్టిస్టు క్రైస్తవులు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. వారిపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వ్రాసిన పరిశోధక గ్రంథం 2013లో వెలువడింది. ఇస్రాయేలులోని ప్రధాన మతాచార్యపీఠం వారిని యూదులుగా ఇంతవరకు గుర్తింపలేదు. ఆ గుర్తింపు లేకుండానే వారు శుక్రవారం సాయంకాలం చిన్న మందిరంలో కూడుతున్నారు. హీబ్రూ ప్రార్థనలు నేర్చుకొంటున్నారు, తెలుగులోనూ ప్రార్థిస్తున్నారు. అక్కడ పదిమందికి కొరత లేదు.