తల తిరిగితే సీటీ స్కాన్ ఒక్కటే సరిపోతుందా?

ఉన్నట్టుండి గది గిర్రున తిరిగింది, వాంతులయ్యాయి. ఆస్పత్రిలో సీటీ తీసి ‘నార్మల్’ అన్నారు. ఇక భయం లేనట్టేనా? అన్నిసార్లూ కాదు.

మెడ ఎముకల గుండా పైకి వెళ్లే రెండు వెర్టిబ్రల్ ధమనులు కలిసి బేసిలార్ ధమనిగా మారి, మెదడు వెనుక భాగానికి రక్తం అందిస్తాయి. మనం తూలకుండా నిలబడటంలో కీలకమైన చిన్నమెదడు ఉండేది అక్కడే. ఈ దారిలో గడ్డ అడ్డుపడితే మూతి వంకరపోకుండా, చెయ్యి పడిపోకుండానే స్ట్రోక్ రావచ్చు. ఒక్కోసారి తల తిరగడమే ఏకైక లక్షణం.

సీటీ నిమిషాల్లో అయిపోతుంది, మెదడులో రక్తస్రావం ఉంటే పట్టేస్తుంది. కానీ తల వెనుక మందపాటి ఎముకల వల్ల చిత్రం మసకబారుతుంది. పైగా రక్తం అందక దెబ్బతిన్న భాగం తొలి గంటల్లో సరిగా కనిపించదు. ఎమ్మారైలో ‘డిఫ్యూజన్’ అనే పద్ధతి దాన్ని చాలా మెరుగ్గా చూపిస్తుంది. అదీ తిరుగులేనిది కాదు. మొదటి 24 నుంచి 48 గంటల్లో చిన్న స్ట్రోక్‌లు దానికీ దొరక్కపోవచ్చు. అందుకే తల తిరగడం ఆగకుండా ఉంటే డాక్టర్ మీ కళ్ల కదలికలనూ పరీక్షిస్తారు. ఖర్చులేని ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. రక్తనాళం ఎక్కడ పూడిందో తెలియాలంటే యాంజియోగ్రామ్ కావాలి. సీటీ యాంజియోకు నరంలోకి మందు ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉంటే ఎమ్మారైకి ముందు చెప్పాలి.

అలాగని తల తిరిగిన ప్రతిసారీ స్కాన్ సెంటర్‌కు పరుగెత్తక్కర్లేదు. పక్కమీద అటూ ఇటూ దొర్లినప్పుడు మాత్రమే తిరిగి, నిమిషంలోపు తగ్గిపోతుంటే చాలావరకు అది లోపలి చెవి సమస్యే. తలను ఒక క్రమంలో తిప్పించే ఎప్లీ పద్ధతితో డాక్టర్లు దాన్ని సరిచేస్తారు.

తల తిరగడంతో పాటు మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా, పట్టు లేకుండా నడవలేకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి లేదా మెడనొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు అసలు ఆగకూడదు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. కాబట్టి ఎన్నింటికి మొదలైందో రాసుకోండి. నిద్ర లేచేసరికే తిరుగుతుంటే, చివరిసారి బాగున్నది ఎప్పుడో డాక్టర్‌కు చెప్పండి.