కేకు నడుమ ఎందుకు కుంగింది?

క్రిస్మస్ దగ్గర పడగానే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లోని మన ఇళ్లలో పిండివంటల సందడి మొదలవుతుంది. అరిసెల పాకం ముదిరితే సరిదిద్దే పెద్దమ్మలు ప్రతి వాడలోనూ ఉన్నారు. కేకు కుంగితే మాత్రం కారణం చెప్పేవారు అరుదు. మేము మొదటిసారి కట్టెల పొయ్యి మీద, కుక్కరులో ఇసుక పోసి కేకు చేసినప్పుడు పిల్లలందరూ చుట్టూ కూర్చున్నారు. ఆత్రం ఆపుకోలేక పావుగంటకే మూత తీశాము. పొంగుతున్న కేకు మా కళ్లెదుటే నడుమ గుంటపడింది. ఆరు గుడ్లు, అరకిలో మైదా, చక్కెర, వెన్న! పండుగకని దాచిన డబ్బులో సగం అందులోనే ఉంది.

చాలాకాలం పొయ్యినే తప్పుపట్టాము. అసలు సంగతి గుడ్డులో ఉంది.

తెల్లసొనలో పదింట తొమ్మిది పాళ్లు నీరే. మిగిలినదానిలో ఎక్కువ భాగం మాంసకృత్తులు. ఇవి దారపు ఉండల్లా చుట్టుకొని ఉంటాయి. గిలకొట్టినప్పుడు ఆ చుట్టలు విడిపోయి, ఒకదానినొకటి పట్టుకొని, గాలి బుడగల చుట్టూ పలుచని పొరగా ఏర్పడతాయి. అదే నురుగు. బేకింగ్ పౌడరు కొత్త బుడగలను పుట్టించదు. మనం ముందే చేర్చిన బుడగలను దాని వాయువు, నీటి ఆవిరి ఉబ్బిస్తాయి. చేయి నొప్పి పుడుతుందని గిలకొట్టడం తగ్గించి పౌడరు ఎక్కువ వేస్తే చేదే మిగులుతుంది. గిన్నెకు జిడ్డు ఉన్నా, పచ్చసొన చుక్క పడినా తెల్లసొన సరిగా నురగదు. రెండు చుక్కల నిమ్మరసం వేస్తే నురుగు నిలుస్తుంది. తెల్లసొనకు రుచి లేదన్న మాట యోబు గ్రంథం 6వ అధ్యాయంలోనే ఉంది. అయినా కేకును లేపేది అదే.

పచ్చసొన పని వేరు. నీరు, వెన్న కలవవని మనకు తెలుసు. పచ్చసొనలోని లెసిథిన్ అనే పదార్థం ఒక కొసతో కొవ్వును, మరొక కొసతో నీటిని పట్టి ఉంచుతుంది. గుడ్లన్నీ ఒక్కసారే పోస్తే దానికీ చేతకాదు, మిశ్రమం విరిగినట్లవుతుంది. ఒక్కొక్కటిగా కలపాలి.

ఇక వేడి సంగతి. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుంది. పచ్చసొనకు 65 నుండి 70 డిగ్రీలు కావాలి. చక్కెర కలిస్తే అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. కేకులో అంచులు ముందు, నడిభాగం చివర గట్టిపడతాయి. మేము మూత తీసేనాటికి నడుమ బుడగల గోడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చల్లగాలి తగలగానే లోపలి ఆవిరి తగ్గింది, గోడలు కూలాయి. ఇప్పుడు ముప్పాతిక సమయం గడిచేవరకు మూత ముట్టము. ఆ తరువాతే పుల్ల గుచ్చి చూస్తాము.

మరొక సంగతి. వంట పుస్తకంలో నాలుగు గుడ్లు అంటే ఫారం గుడ్లు, ఒక్కొక్కటి 50-55 గ్రాములు. పెరటి నాటుకోడి గుడ్డు 40 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి నాలుగింటికి ఐదు వేయండి. ప్రతి గుడ్డునూ ముందు వేరే గిన్నెలో పగులగొట్టి చూడండి. గంపకింద ఎన్నాళ్లుందో తెలియని గుడ్డు ఒక్కటి చెడినా పిండి అంతా పారబోయవలసిందే.